ముఖం మీద నిలిచిన కెమెరా

నిన్న పలాసలో కొత్త సినిమాకెళ్లి తలనొప్పితో తిరిగొచ్చాను. కెమెరా ఒక్క ముఖం మీదా రెండు క్షణాలు నిలవదు! ఊపడం, తిప్పడం, ఎగరడం. తల్లి చనిపోయిన సీనులోనూ అంతే. కొడుకు ముఖం సరిగ్గా చూసేలోపే డ్రోన్ కొబ్బరితోటల మీదికి పోయింది. మనల్ని ఏడవనివ్వరేం బాబూ?

మన ఈడువాళ్లకి గుర్తుందా, ఒకప్పుడు కెమెరా ఎంత మెల్లగా మనిషి దగ్గరికి వెళ్లేదో! నా తొమ్మిదో ఏట మామ్మతో టెక్కలిలో మ్యాట్నీకి వెళ్లాను. కిడ్నీ జబ్బుతో తాతయ్య పోయి అప్పటికి ఏడాది. మామ్మ ఒక్క కన్నీటిచుక్క కూడా రాల్చలేదు. తెర మీద భర్త పోయిన ఇల్లాలు గుమ్మంలో కూర్చుంది. మాటా లేదు, పాటా లేదు. కెమెరా నెమ్మదిగా ఆమె వైపు జరిగి, ముఖం తెరంతా నిండాక అక్కడే ఆగింది. పక్కన మామ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది.

నేను భయపడిపోయి, "ఏటైంది మామ్మా? ఎల్లిపోదామా?" అన్నాను.

"ఉండవే! నాకాడికొచ్చినోలందరూ 'ఊరుకో, ఊరుకో' అనీసి ఎల్లిపోనారు. ఇలగ ఎదర కూకోని నా మొకం సూసినోలు ఒక్కలూ లేరే" అంది మామ్మ.