మట్టలు వెనక్కి అడుక్కున్న శుక్రవారం

దేవుడి ముందు ఊపిన మట్టల్ని ఇంటింటికీ తిరిగి వెనక్కి అడుక్కున్న క్రైస్తవురాలిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని మీ టీయే తాగుతోంది. మీరు నవ్వండి, పర్లేదు. ఆ రోజు నాకైతే నవ్వు రాలేదు.

మా ప్రభాకర్‌ని కంపెనీ రెండేళ్ళకని బహ్రెయిన్ పంపింది కదా. జనవరిలో ఇక్కడ మన అరోరా ఊళ్ళో మంచు తవ్వి కారు బయటికి లాగి ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశాం. అక్కడ దిగేసరికి స్వెటర్లు చంకలోకి వచ్చేశాయి. ఇల్లు అబూ యూసుఫ్ గారిది. అరవై దాటిన పెద్దమనిషి. వాళ్ళ పెరటి వైపు రెండు గదులూ, పైన చిన్న డాబా మావి. ప్రభాకర్ కంపెనీకి అక్కడ పార్ట్‌నర్ ఎవరనుకున్నారు? ఈయన మేనల్లుడే! అంటే ముసలాయనకి కోపమొస్తే ముందు ఇల్లు, తర్వాత జాబ్, ఆ తర్వాత వీసా. వరసగా పోతాయి.

"ఇది గుంటూరు కాలేజీ డిబేట్ స్టేజీ కాదు, నోరు కాస్త అదుపులో పెట్టుకో," అని ప్రభాకర్ ఫ్లైట్‌లోనే చెప్పాడు. పెట్టుకున్నాను. చేతుల సంగతి తను చెప్పలేదు.

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమ దినాలొచ్చాయి. అక్కడ చర్చి ఉంది, ఎవరూ అడ్డుపెట్టరు. కాకపోతే దేశానికి సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారపు ఆరాధన శుక్రవారమే. ఈస్టర్ ముందు వారం అందరూ మట్టలు ఊపే మట్టల ఆదివారం కూడా శుక్రవారమే! మన తెలుగువాళ్ళు ఒక నలభై మంది ఉంటారు. హాస్పిటల్ నర్సులు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, కన్‌స్ట్రక్షన్ క్యాంపు వాళ్ళు. ముందు వారం పాస్టర్ గారు "మట్టలెవరు తెస్తారమ్మా?" అనడిగితే ఒక్కరూ తల ఎత్తలేదు. నేను లేచాను.

"దేశం నిండా ఖర్జూరపు చెట్లే కదండీ! దీనికింత ఆలోచనా? నేను తెస్తాను."

చప్పట్లు! చప్పట్లు వినబడ్డాక నాకు బ్రేకులుండవు.

మా పెరట్లో ఐదు ఖర్జూరపు చెట్లు. అవంటే అబూ యూసుఫ్ గారికి ప్రాణం. అందుకే చాలా లాజికల్‌గా ఆలోచించాను. పాయింట్ నంబర్ వన్, కాయలు కాసే చెట్టుని ముట్టుకోకూడదు. నంబర్ టూ, మా డాబాని ఆనుకున్న పొట్టి చెట్టుకి ఒక్క కాయ కూడా కాయదని వాళ్ళావిడ ఉమ్ యూసుఫ్ ఒకసారి సైగ చేసి చెప్పింది. కాబట్టి, నంబర్ త్రీ, ఆ చెట్టు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మన వైపు ఈత మట్టలు కోసుకుంటే ఎవరైనా అడుగుతారా? ఈత చెట్టుకి ఓనరుంటాడా? ఇంత గొప్ప వాదన దగ్గరుండగా పర్మిషన్ అడగడం నాకు నామోషీ అనిపించింది.

గురువారం సాయంత్రం వాళ్ళు చుట్టాలింటికి వెళ్ళారు. నేను కత్తి పట్టుకుని డాబా ఎక్కాను. ముళ్ళు మోచేతుల దాకా గీరేశాయి. అయినా వదల్లేదు. మట్టల మధ్య పడవల్లాంటి డొప్పలు పగిలి, లోపల తెల్లటి పూలగుత్తులు! ఎంత బాగున్నాయో! అవీ కోసేశాను. ఒక్కటి మిగల్చలేదు. ఇద్దరికొకటి చొప్పున ఇరవై మట్టలు, ప్రతి మట్టకీ ఒక పూలరెమ్మ రిబ్బన్‌తో కట్టాను.

మర్నాడు చర్చిలో అందరూ "హోసన్నా!" అని మట్టలు ఊపితే పౌడర్ డబ్బా ఒలికినట్టు తెల్లటి పొడి రాలింది. పాస్టర్ గారు ప్రార్థన మధ్యలో నాలుగుసార్లు తుమ్మారు. "ఇంత అందమైన మట్టలు జన్మలో చూళ్ళేదమ్మా," అన్నారు. నేను తేలిపోతూ ఇంటికొచ్చాను.

పెరట్లో అబూ యూసుఫ్ గారు నిలబడి ఉన్నారు. భుజాన చెట్టెక్కే తాడు, చేతిలో ఖాళీ బుట్ట. బోడిగుండులా ఉన్న పొట్టి చెట్టుని చూస్తున్నారు.   నెమ్మదిగా తిరిగి నా తెల్లచీర మీద పొడి చూశారు. చీరే సాక్ష్యం చెప్పేసింది.

ఆయన సగం హిందీ, సగం ఇంగ్లీషు. "అది మగ చెట్టు మేడమ్," అన్నారు. "ఆ నాలుగూ ఆడవి. ఈ పువ్వు తీసి వాటిలో కడితేనే కాయ. ఆడ పూత విచ్చి రెండు రోజులైంది. ఇవాళ కట్టకపోతే ఈ ఏడాదికి ఖర్జూరం లేదు."

నాలుగు చెట్లని ఒక్క సాయంత్రంలో విధవల్ని చేసేశాను! నా వెనకే వచ్చిన ప్రభాకర్ మొహంలో రక్తం లేదు.  వెంటనే "సాయంత్రంలోగా తెస్తాను," అన్నాను.

"నమాజుకి వెళ్ళొస్తాను. చెట్టుకి అయిదు రెమ్మలైనా కావాలి," అన్నారాయన.

ఇరవై రెమ్మలు. మట్టలేమో అప్పటికే ఊరంతా చెదిరిపోయాయి. అప్పట్లో ఎవరింట్లోనూ ఫోన్ లేదు. ముందు నర్సుల క్వార్టర్స్‌కి వెళ్ళాం. మరియమ్మ ఆంటీ అప్పుడే గుమ్మానికి మట్ట కట్టి, మురిసిపోతూ చూసుకుంటోంది.

"ఏంటే, ప్రభువుకి ఊపిన మట్ట వెనక్కివ్వాలా? నీకు మతి గానీ పోయిందా?"

"మట్ట మీరే ఉంచుకోండి ఆంటీ, పువ్వు చాలు."

"పువ్వెందుకు?"

"చెట్లకి పెళ్ళి చెయ్యాలి ఆంటీ!"

"శ్రమ దినాల్లో పెళ్ళిళ్ళు చెయ్యకూడదని తెలీదూ?"

ప్రభాకర్ కారులోంచి హారన్ కొడుతున్నాడు. నేను గుమ్మంలో చతికిలబడి ఏడ్చేశాను. డిబేట్లలో ఎన్ని కప్పులు గెలిచానో గానీ ఆంటీని గెలిచింది మాత్రం ఏడుపే. తనది ఇచ్చింది, పక్క గదుల్లోవీ తనే పోగుచేసి ఇచ్చింది. పదకొండు!

తర్వాత క్యాంపు. అక్కడ ముగ్గురు రెమ్మలిచ్చారు. నాలుగో అతను తల గోక్కున్నాడు.

"లేత కొబ్బరిపువ్వు లాంటిదే అనుకున్నామక్కా. పప్పులో వేసేశాం."

"ఎలా ఉంది?" అని అడిగాడు ప్రభాకర్. తనవైపు నేను చూసిన చూపుకి గబగబా కారెక్కేశాడు.

మిగిలిన ఇళ్ళన్నీ తిరిగి ఇంటికొచ్చేసరికి ఎండ గోడెక్కింది. లెక్కపెడితే పంతొమ్మిది. అబూ యూసుఫ్ గారు బుట్టలోకి తొంగి చూశారు. నడుముకి తాడు బిగించి చెట్టెక్కారు. నేను కింద నుంచి బుట్ట అందించాను. ఒక్కో రెమ్మ కడుతూ ఆయన పైన "బిస్మిల్లా" అనేవారు, నేను కింద మనసులో "స్తోత్రం ప్రభువా" అనుకునేదాన్ని. ఎవరి మాట వినబడిందో మాకు తెలియదు. నాలుగో చెట్టుకి నాలుగే దక్కాయి. దిగి, చేతులు దులుపుకుని, "పిందె పడుతుందో లేదో తెలియడానికి నెల పడుతుంది. అప్పుడు ఇంటి సంగతి మాట్లాడదాం," అని లోపలికి వెళ్ళిపోయారు.

నెల! ఈస్టర్ వచ్చింది, వెళ్ళింది. లోకమంతా ఉపవాసం విడిచినా నేను విడవలేదు. రోజూ పొద్దున్నే డాబా మీంచి మెడ సాచి గుత్తుల్ని చూడటం, దిగటం. ప్రభాకర్ సూట్‌కేసులు అటక మీదికి ఎక్కించనే లేదు.

ఒక శుక్రవారం పొద్దున్న ఉమ్ యూసుఫ్ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. మూడు చెట్లకి పచ్చటి పూసల్లా గుత్తులు గుత్తులు పిందెలు! నాలుగోదానికి కాస్త పల్చగా. నేను ఆవిడ భుజం మీద పడి ఏడిచాను. ఆవిడ నవ్వింది.

అంతలో అబూ యూసుఫ్ గారు ఇంటి అద్దె కాగితం తెచ్చారు. అడుగున చేత్తో రాసిన కొత్త వరస ఉంది. మాకు అరబిక్ రాదు కదా, ప్రభాకర్ భయంభయంగా "ఖాళీ చెయ్యాలా అండీ?" అనడిగాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి వినిపించారు: "అద్దెకున్న మేడమ్ తన దేవుణ్ణి తనకిష్టమొచ్చినట్టు ప్రార్థించుకోవచ్చు. ఏటా మట్టలు ఇంటి యజమానే కోసిస్తాడు."

ప్రభాకర్ గబగబా సంతకం పెట్టాడు. నేనూ పెడతానని చెయ్యి చాచాను. పెన్ను ఇవ్వబోయిన ఆయన టక్కున ఆగిపోయారు.

"కత్తిలా దీనికీ మొన ఉంది," అన్నారు ప్రభాకర్‌తో. "మేడమ్ చెయ్యి మీరు పట్టుకుని పెట్టించండి."