ముట్టని తమలపాకు

నేను తాలూకా బోర్డులో మెంబరుగా కూర్చున్న కాలం గురించి మా వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అరవదేశంలోని మా నల్లరేగడి ఊళ్ళలో తెలుగు సేద్యగాళ్ళలోంచి ఆ కుర్చీ ఎక్కినవాడు అంతకు ముందు లేడు. పెళ్ళిళ్ళలో నన్ను కొత్తవాళ్ళకు చూపించేటప్పుడు ముందు ఆ సంగతే చెబుతారు. చెప్పినప్పుడల్లా తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు. వినయం కాదు, సిగ్గు. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

మా తాతల నాడు, కుంపిణీ ఏలుతున్నప్పుడు, దారి పాడైతే ఊరివాళ్ళే తట్టలు పట్టుకుని మట్టి పోసేవాళ్ళు. కుంపిణీ పోయి రాణిగారి ఏలుబడి వచ్చిన కొన్నేళ్ళకు దారికీ, బావికీ, చత్రానికీ అని శిస్తు మీద ఒక చిన్న పన్ను వేశారు. ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చడానికి బోర్డు పెట్టారు. డిప్టీ కలెక్టరు దానికి అధ్యక్షుడు. వకీళ్ళూ వర్తకులూ ఉంటే చాలదు, రైతు ఒకడు ఉండాలని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. తాసిల్దారు నా పేరు రాశాడు. నేను శిస్తు ఆలస్యం చేసేవాణ్ణి కాదు, ఎవరితోనూ వ్యాజ్యం లేదు, తలపాగా బాగా చుట్టేవాణ్ణి. ఇంతకు మించి కారణం నాకు తెలీదు. నాకు అక్షరం రాదని అతనికి తెలుసు. దానివల్ల పనేమీ చెడదన్నాడు.

బోర్డు కచేరీ వెనక గదిలో కూడేది. గుమాస్తా ఒక్కొక్క పద్దు ఇంగ్లీషులో చదివి, మాకోసం అరవంలో చెప్పేవాడు. దొరలు మజిలీ చేసే బంగళాకు సున్నం. దారి పక్క చింతచెట్ల కాయ వేలం. టీకాలు వేసేవాడి జీతం. సంత వసూలు గుత్త ఎవరికివ్వాలి. వాగు దాటే చోట కంకర. చదవడం అయ్యాక అధ్యక్షుడు కళ్ళజోడు మీదుగా అందరినీ ఒకసారి చూసేవాడు. గుమాస్తా కలం కదిలేది. ఆ పద్దు అయిపోయినట్టే. మా ఊరి చావడిలో ఒక ఎద్దు పరాయి చేలో మేస్తే రెండు సాయంత్రాలు మాట్లాడతాం. ఇక్కడ ఒక దారి మొత్తం నేను పొడుం పీల్చేలోగా తేలిపోయేది. పెద్దవాళ్ళ పని ఇట్లాగే ఉంటుంది కాబోలని మురిసిపోయాను కూడా. చివర్లో గుమాస్తా పుస్తకం నా ముందుకు తోసి వేలితో చూపించేవాడు. అక్కడ నాగలి గుర్తు గీసేవాణ్ణి. చేవ్రాలు రాని సేద్యగాడి గుర్తు అది. ఆ రోజు నేను వచ్చానని తెలియడానికే గీయిస్తున్నారు అనుకున్నాను.

మా చావడి పద్ధతి కొంచెం చెప్పాలి. ఊరి కూటం జరిగినప్పుడు మాట్లాడటం అయ్యాక తమలపాకుల పళ్ళెం తిప్పుతారు. ఒప్పుకున్నవాడు ఆకు తీసుకుంటాడు. ఒప్పుకోనివాడు ఆకు ముట్టడు, నోరు విప్పడు, నేల చూస్తూ కూర్చుంటాడు. పెద్దల ముఖం మీద వద్దు అనడం మా వాళ్ళలో లేదు. అట్లా అన్నవాణ్ణి మొరటువాడంటారు. ఒక్క ఆకు పళ్ళెంలో మిగిలితే చాలు, ఆ మాట ఆగిపోయినట్టే. ఇంకో రోజు మళ్ళీ కూర్చుంటారు. మా నాయన ఇట్లా ఒక్కసారి కూడా నోరు తెరవకుండా ఒక చెరువు పంచాయతీని ఏడాది ఆపాడు. ఊరుకోవడంలో ఉన్న బలం చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణి నేను.

ఇక బావి సంగతి. మా ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. మంచినీళ్ళ బావి ఒక్కటే, ఊరి బయట పెద్దదారి పక్కన. మా ముత్తాతల్లో ఎవరో తవ్వించారంటారు, దానికి కాగితం లేదు. ఆ నీళ్ళ కోసమే తర్వాత దొరల బంగళా దాని పక్కన కట్టారు. తెల్లవారక ముందే ఊరి ఆడవాళ్ళంతా అక్కడికి కడవలతో పోయేవాళ్ళు. మా ఇంట్లో పోయేది మా వదిన. అన్న పోయాక ఆమే మా ఇల్లు నిలబెట్టింది. మా అమ్మ లేని లోటు నాకు తెలీకుండా పెంచింది కూడా ఆమే. అప్పటికే మోకాళ్ళు అరిగాయి. కోడళ్ళు పోతామన్నా ఒప్పుకునేది కాదు. ఆ బావి దగ్గర నాలుగు మాటలు మాట్లాడితే గాని ఆమెకు తెల్లవారినట్టు ఉండేది కాదు.

ఒక నెల కూటంలో పద్దుల మధ్య మా బావి వచ్చింది. బంగళాలో దిగిన అధికారులకు ఆడవాళ్ళ గోలతో, గిలక మోతతో నిద్ర ఉండటం లేదట. బండ్లవాళ్ళ ఎద్దులు ఆ చుట్టూ పేడ వేస్తున్నాయట. కనుక బంగళానూ బావినీ కలిపి చుట్టూ గోడ కట్టి గేటు పెట్టాలి. ఊరివాళ్ళ కోసం వాగు ఒడ్డున పాడుబడిన బావికి పూడిక తీయించాలి. గుమాస్తా అరవంలో విడమరచి చెప్పాడు. నాకు ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు. చదువు రాక మోసపోయాడని తర్వాత చాలామంది నన్ను వెనకేసుకొచ్చారు. అది అబద్ధం.

వాగు బావి ఊరికి ఎంత దూరమో నాకు తెలుసు. మధ్యలో రేగడి దిగుడు. వాన పడితే మోకాలి దాకా కాలు దిగబడుతుంది. నేను ఏం చేశాను? అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాను. అధ్యక్షుడు కళ్ళజోడు మీదుగా చూశాడు. నేను తల ఎత్తలేదు. కలం కదిలింది. ఆ రోజు పద్దులన్నీ అయ్యాక, ఎవరింట్లోనో శుభకార్యమని, పళ్ళెంలో ఆకులూ వక్కలూ తెచ్చి అందరికీ పెట్టారు. నా ముందుకు వస్తే ముట్టలేదు. గదిలో అందరూ చూసేటట్టు ముట్టలేదు.

అధ్యక్షుడు మంచివాడు. నా వైపు వంగి, "ఎన్న నాయకరే, పల్ వలియా?" అన్నాడు. పంటినొప్పా అని అడిగాడు.

నేను బదులు చెప్పలేదు. నా పట్టు చూసి మాట మారుస్తున్నాడు అనుకున్నాను. లవంగం నమలమని చెప్పాడు. తర్వాత పుస్తకం వచ్చింది, నాగలి గీశాను. బండి ఎక్కి ఇంటికి వస్తూ దారి పొడుగునా నాయనను తలుచుకున్నాను.

ఆ సాయంత్రం చావడిలో చెప్పాను, గోడ మాట వచ్చిందనీ, నేను ఆకు ముట్టలేదనీ. అంతే చాలింది. డిప్టీ కలెక్టరు ముందే ముట్టలేదా అని ఒకరికి ఇద్దరు అడిగారు. ముట్టలేదన్నాను. ఇంట్లో వదిన కూడా విన్నది, ఆ రాత్రి నాకు అన్నంలో నెయ్యి ఇంకో చెంచా పడింది. మర్నాడు బావి దగ్గర పక్క ఊరి ఆడవాళ్ళకు కూడా చెప్పిందట: "మా మరిది ఆకు ముట్టలే. గోడ ఎట్ల వస్తాది?"

పత్తి తీతలు మొదలయ్యేసరికి ఇటుకల బండ్లు వచ్చాయి.

నేను చేలో ఉన్నాను. కబురు విని పెద్దదారికి పోయేసరికి కొత్తనారు, అంటే గోడ కట్టే మేస్త్రీ, తాడు పట్టి పునాదికి గీత గీయిస్తున్నాడు. మా వదిన ఆ గీత మీద కడవ దించి నిలబడి ఉంది. వెనక ఆడవాళ్ళు.

"తాడు తియ్యి సామీ. మా మరిది బోర్డులో ఉండాడు. ఈ గోడ వద్దనేసినాడు" అంటున్నది.

కొత్తనారు మర్యాదగానే మాట్లాడాడు. చేతిలో మడత కాగితం ఉంది. "నీ మరిది ఏ ఊరి బోర్డులో వద్దన్నాడమ్మా? దీంట్లో అందరూ సరే అన్నట్టే ఉండాది. నకలు ఎత్తిన గుమాస్తా నాగలి గుర్తు కూడా వేసినాడు చూడు."

ఆమె అక్షరాలు చదవలేదు. నాగలి బొమ్మ మాత్రం చూస్తే తెలుస్తుంది. కాగితం వైపు చూసింది, తర్వాత ఆడవాళ్ళ మధ్యలోంచి నన్ను చూసింది.

"ఆ గుర్తు నీదేనా మరిదీ?"

"నాదే."

"నువ్వు వద్దంటివి గదా?"

"ఆకు ముట్టలేదు వదినా."

"నోటితో అంటివా?"

నేను మళ్ళీ నేల చూశాను. ఈసారి ఊరుకుంటే ఏమని అర్థమో అక్కడున్న అందరికీ తెలిసింది. వదిన వంగి కడవ ఎత్తుకుంది. నీళ్ళు చేదకుండానే, ఖాళీ కడవతో ఊళ్ళోకి నడిచిపోయింది. పక్క ఊరి ఆడవాళ్ళు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. ఒక్కరు నవ్వినా నాకు ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

ఆ మధ్యాహ్నమే తాలూకాకు పోయాను. బోర్డులో నా పక్కన కూర్చునే మనిషి బట్టల కొట్టు శెట్టి, అతనూ తెలుగువాడే. ముందు అతని కొట్టుకు వెళ్ళి జరిగింది చెప్పాను. అతను గుడ్డ మడత పెట్టడం ఆపాడు.

"అన్నా, అది నీ చావడి కాదు. ఆడ నోరు మూసుకుంటే సరే అన్నట్టు. నేను ఆ కుర్చీలో కూసున్నప్పటినించీ అన్నిటికీ నోరు మూసుకుంటానే ఉండాను, నీకు తెలియలేదా?"

తెలియలేదు. మిగతావాళ్ళు కూడా నాలాగే ఏవో ఆపుతూ ఊరుకుంటున్నారని ఎప్పుడైనా అనుకున్నానా అంటే, అదీ లేదు. వాళ్ళు ఎందుకు ఊరుకుంటున్నారో నేనసలు ఆలోచించలేదు. టీకాల జీతానికీ, కంకరకూ, చింతకాయ వేలానికీ నేనూ ఊరుకున్నాను. ఆ పద్దుల వల్ల ఏ ఊళ్ళో ఎవరి బావులు పోయాయో, ఎవరి దారి పోయిందో నాకు తెలీదు. శెట్టి కొట్లో కూర్చుని ఉండగా అది తట్టింది. నా బావి దాకా వచ్చాకే తట్టింది.

అధ్యక్షుణ్ణి చూశాను. కుర్చీ వేయించాడు. ఆకు సంగతి చెబితే శ్రద్ధగా విన్నాడు, పంటినొప్పి అనుకున్నందుకు నొచ్చుకున్నాడు కూడా. ఆ రోజు ఒక్క మాట అని ఉంటే పద్దు పక్కన పెట్టించేవాణ్ణని అన్నాడు. ఇప్పుడు గుత్తదారుకు సొమ్ము వెళ్ళిపోయింది, పైకి రాసేశారు, వెనక్కి తీయడం తన చేతిలో లేదు. కావాలంటే వచ్చే కూటంలో గేటు గురించి అడగమన్నాడు. అతను కసిరి ఉంటే నాకు తేలికగా ఉండేది.

వచ్చే కూటంలో లేచి నిలబడ్డాను. కూర్చునే చెప్పవచ్చని ఎవరో అన్నారు. నిలబడే చెప్పాను. దొరలు మజిలీలో లేని రోజుల్లో గేటు తెరిచి పెట్టాలని అడిగాను. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మిగతావాళ్ళు నోరు మూసుకున్నారు, కలం కదిలింది. నాకు దక్కింది అది. దొర దిగిన రోజుల్లో మాత్రం ఊరు వాగు బావికి పోవాలి.

అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాతే. తల నెరిశాక, వీధి బడి అయ్యవారి దగ్గర, ఇసుకలో వేలితో. బోర్డు కాగితాలు చదవడానికి నేర్చుకున్నాడని ఊరంతా మెచ్చుకుంది. నేనూ కాదనలేదు. కాగితం తప్పేమీ రాయలేదు. నేను ఊరుకున్నాను, అది ఊరుకున్నట్టే రాసింది.

మా చావడి మాత్రం నన్ను ఊరికే వదల్లేదు. పంటినొప్పి మాట శెట్టి నోటి నుంచి ఎట్లాగో ఊరికి చేరింది. అప్పటినుంచి ఎవరైనా పళ్ళెంలో ఆకు వదిలితే, వెనక వరసలో ఎవడో ఒకడు "పల్ వలియా చిన్నాయనా?" అంటాడు. చావడి మొత్తం నవ్వుతుంది. ఆకు వదిలినవాడు కూడా నవ్వేసి ఆకు తీసుకుంటాడు. మా నాయన ఏడాది పాటు ఒక పంచాయతీని ఆపిన పద్ధతి నా వల్ల నవ్వులాట అయిపోయింది. ఇప్పుడు మా కూటాల్లో కూడా వద్దంటే నోటితో అనాలి. అనలేనివాళ్ళు, అంటే ఎక్కువమంది, ఆకు తీసుకుంటున్నారు.

వదిన ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఒక వానాకాలం దొర మజిలీ చేసి ఉన్నప్పుడు, నేను తిరుమంగళం సంతనుంచి వస్తూ వాగు దగ్గర ఆమెను చూశాను. నెత్తిన కడవ. కాళ్ళకు రేగడి పట్టి, రెండు అడుగులకు ఒకసారి నిలబడుతున్నది. బండి ఆపి దిగి, కడవ నాకు ఇమ్మని చేతులు చాచాను.

"ఒద్దులే మరిదీ. బోర్డు మనిషివి, దారిలో కడవ మోస్తే బాగుండదు."

ఎత్తిపొడిచినట్టు అనలేదు. నిజంగానే అంది. బండిలో అయినా కూర్చోమన్నాను. నీళ్ళు తొణికి పోతాయంది. ఎద్దుల పగ్గం పట్టుకుని బండిని నడిపిస్తూ ఆమె వెనకే ఇంటిదాకా నడిచాను. గుమ్మంలో కడవ దించి, అందులోంచి మొదటి చెంబు ముంచి, ఎప్పటిలాగే ముందు నాకే ఇచ్చింది. పుచ్చుకుని తాగాను.