బ్యాంకు మీద బావ వేసిన పసుపు

మా బావ రంగులు వేసే మేస్త్రి. అక్కను చేసుకున్న కొత్తలో ఆయన చేతికొచ్చిన మొదటి పెద్ద పని బజారు మధ్యలోని పాత బ్యాంకు. లావాటి రాతి స్తంభాలు, ఎత్తయిన వాకిలి, ఎప్పటిదో కట్టడం. పొగా దుమ్మూ పట్టి మొత్తం నల్లగా ఉండేది. "జనం లోపలికి రావడానికే జంకుతున్నారయ్యా, కాస్త కళ తెప్పించు" అన్నాడట మేనేజరు. బావ నిండుగా పసుపు రంగు కొట్టాడు. ఊరందరికీ నచ్చింది. అప్పట్నుంచి కొన్నేళ్లకోసారి ఆ పని ఆయనదే. పసుపు బ్యాంకు దగ్గర ఎడమకు తిరగండని జనం దారి చెప్పుకునేవాళ్లు.

ఆ వీధిలోకి వెళ్తే బావ నడకే మారిపోయేది. పక్కనున్నవాళ్లను మోచెయ్యి పట్టి ఆపి, రంగు ఎలా నిలబడిందో చూడమనేవాడు. అక్క ఊరుకునేది కాదు.

"బ్యాంకు మెరిసిపోతోంది సరే, మన వంటింటి గోడ చూశారా? ఆనుకుంటే వీపంతా సున్నం."

"వంటింట్లోకి ఎవరొచ్చి చూస్తారే?"

"అయితే రేపట్నుంచి బ్యాంకు ముందుకెళ్లి వండుతాలెండి."

కొన్నాళ్లకు బ్యాంకు వేరే చోటికి మారింది. పాత భవనం కూల్చి దుకాణాలు కడతారన్నారు. చివరికి దానికి వారసత్వ విలువ ఉందని, కూల్చకుండా బాగుచేస్తారని తేలింది. పేపర్లో చదివి బావకు వినిపించింది నేనే.

"ఉండదా మరి! అన్ని పూతలు ఊరికే వేశానా?" అన్నాడు.

ఆ వారమే ఒక ఆర్కిటెక్టు అమ్మాయి ఆయన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. బావ గబగబా ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"మేస్త్రిగారూ, బ్యాంకుకి రంగు వేసింది మీరే కదా?"

"నేనేనమ్మా. మొదటి పూత నుంచీ."

"ఏ రంగు మీద ఏది వేశారో కాస్త చెప్పాలండీ. దాన్నంతా తీసేస్తున్నాం."

అక్క అందించబోతున్న టీ కప్పు అలాగే ఆగిపోయింది. రంగు వల్ల రాయికి ఊపిరాడటం లేదని, లోపలి తడి బయటికి రాలేక రాయి పొరలు పొరలుగా ఊడుతోందని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. బావ అంతా విని, "కనుక్కుని చెప్తానమ్మా" అన్నాడు, ఆ రంగులు వేసింది ఇంకెవరో అయినట్టు.

ఆ తర్వాత ఆయన ఆ వీధిలోకి వెళ్లడం మానేశాడు. కూరగాయలకు కూడా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. "సంచిలో వంకాయలు వాడాయా, మొహం వాడిందా?" అని అక్క అడిగితే సంచి గుమ్మంలోనే పెట్టి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. నాతో మాత్రం అన్నాడు: "ఇన్నేళ్లూ దానికి మంచి చేస్తున్నాననుకున్నాన్రా. గొంతు పిసుకుతున్నానట. ఆ నల్ల రాయిని చూసి ఎవడు మురుస్తాడు?"

"నాతో వచ్చి ఆ మాటేదో ఆ అమ్మాయినే అడుగు బావా. పోట్లాడటానికైనా రా" అన్నాను.

పోట్లాడటానికే నాతో బయల్దేరాడు. బ్యాంకు వాకిలి పక్కన ఒక మూల అప్పటికే శుభ్రం చేసి ఉంది. రాయి నలుపు కాదు, పండిన జామకాయ లోపలి రంగు. ఆ రాతి మీద, ఓ కాయను గుండెకు హత్తుకుని, తోక పైకెత్తి కూర్చున్న ఉడుత. మీసాలు కూడా చెక్కారు. బావ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదెక్కడ్నించి వచ్చిందమ్మా?"

"ఇక్కడే ఉందండీ. ఎవరో దీని మీద లప్పం పెట్టి నున్నగా చేసేశారు."

"ఎవరో ఏంటి, నేనే! గోడ గుంటలు పడిందనుకున్నా. పూడ్చి, రుద్ది, ఎంత సాఫీగా వచ్చిందో చూడండని మేనేజరుకి చూపించా కూడా!"

ముందు నవ్వింది ఆయనే. పరంజా మీదున్న పనివాళ్లు అందుకున్నారు. తర్వాత ఆయన తలెత్తి, తాను అంత శ్రద్ధగా చదును చేసిన గోడనంతా పరికించి చూశాడు. "ఇంకా ఏమేం పూడ్చేశానో నాకూ చూడాలనుంది. రంగు గీకే బద్ద ఒకటి ఇటివ్వమ్మా" అన్నాడు.

గుజ్జులాంటి మందు పూసి, రంగు మెత్తబడ్డాక చెక్క బద్దతో గీకాలి. ఇనుప బ్రష్షు తగలకూడదు. సాయంత్రం ఇంటికి రాగానే బావ ఆనాటి వార్తలు చెప్పేవాడు. ఇవాళ ద్రాక్షగుత్తి. ఇవాళ ఒక ముసలాయన ముక్కు, మిగతా మొహం రేపు.

"పాపం, ఆయన్ను తుమ్మనిచ్చారా?" అనేది అక్క.

ఆ రాళ్ల విలువ గురించి నేను పేపర్లో చదివానే గానీ, అంతకుముందు ఒక్కనాడూ దగ్గరికెళ్లి చూడలేదు. ఇన్నేళ్లూ ప్రతి అంగుళాన్నీ చేత్తో తడిమింది బావ. ఆ తడమడం రాయికి చేటు చేసింది, నిజమే. అయినా దాని మీద ప్రేమ ఆయనకే ఉండేది.

చివరికి ఒక స్తంభం మీద చారెడు పసుపు మిగిలింది. "దీన్ని ఉంచేద్దామండీ. మీ రంగు కూడా ఈ భవనం చరిత్రే. పక్కన మీ పేరు రాయిస్తాం" అంది ఆ అమ్మాయి.

ఆయన ఒప్పుకుంటాడనే అనుకున్నాను. బావ రోడ్డు దాటి అవతల నిలబడి చాలాసేపు చూసి వచ్చాడు.

"వద్దమ్మా. సగం గడ్డం గీసి వదిలేసిన మొహంలా ఉంది. వచ్చినవాళ్లు ఆ మచ్చనే చూస్తారు, ఉడుతనెవరు చూస్తారు?"

మందు తానే పూసి, కాసేపు నీడలో కూర్చుని, గీకడం మొదలుపెట్టాడు. మిగతా చోట్ల లేచినంత తేలిగ్గా అక్కడ లేవలేదు.

"పట్టు వదలట్లేదురా!" అన్నాడు నాకేసి గర్వంగా చూసి, బద్ద చెయ్యి మార్చుకుంటూ.