అట్టడుగు పేరు

ఈ హిందీ ఊళ్లో, మోప్కా పేటలో ఉన్న నా చికెన్ దుకాణంలో పొద్దున్నే మొదటి కోడి మెడ తెగి, వేడి నెత్తురు తడి బండ మీద పడగానే ఒక వాసన లేస్తుంది. కొనడానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఆ వాసన పట్టుకుని, చిన్నప్పటి రైల్వే కాలనీలోని యుద్ధం రాయి దగ్గరికి పోతాను. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టేసినవాణ్ణి, చరిత్ర నాకు ముక్కుతోనే తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం అవతల పట్టాలు వెయ్యడానికి పోయి చచ్చిపోయిన పన్నెండుమంది రైల్వేవాళ్ల పేర్లు ఆ రాతి పలక మీద ఇంగ్లీషులో చెక్కి ఉండేవి. అట్టడుగున, మూలకి ఉన్న పేరు అప్పన్న. మా నాయనమ్మకి తండ్రి. శవం రాలేదు, బూడిదా రాలేదు. అందుకని ఆవిడ ఏటా దసరాకి, ఎండ మెత్తబడి క్వార్టర్లన్నీ గారెల నూనె వాసనతో నిండిన పూట, ఒక పుంజుని చంకన పెట్టుకుని వెళ్లి, చదువు రాని వేలితో ఆ పేరు తడిమి, పసుపు రాసి, దాని మీదే మెడ కోసేది. నెత్తురు అక్షరాల్లోకి దిగి నిలిచేది. ఇది చూసి, శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు అక్కడెవరో అమ్మవారు ఉందనుకుని వేపమండలూ గాజులూ తేవడం మొదలెట్టాయి. మీసాలున్న పన్నెండుమంది కలిసి ఒక్క అమ్మవారైపోయారు!

మా యుద్ధాలూ ఆ రాయి చుట్టూనే. లోకో షెడ్డు పిల్లలం ఒక పక్షం, పక్క పేట కుదుదండ్ పిల్లలు ఇంకో పక్షం, పట్టాల పక్క కంకరే మందుగుండు. ఒక దసరాకి ముందురోజు తెగిన గాలిపటం దగ్గర గొడవ మొదలై, పెదాలు పగిలి, పళ్లు ఊడి, చివరికి నా కనుబొమ చీలి కంట్లోకి నెత్తురు కారింది. ఆ మంటలో, పట్టాల్ని అతికించే బరువైన ఇనప ముక్క ఒకటి చేతికందితే, నన్ను కొట్టినవాడి మీదకి విసిరాను. వాడి తల పగలాలనే విసిరాను. వాడు వంగాడు. పలక మూల ఊడి కింద పడింది, అప్పన్నతో సహా.

నాయనమ్మ పొయ్యి కట్టెతో వచ్చింది. వీపు మీద చర్మం లేచేదాకా కొట్టింది.

"ఓలమ్మోలమ్మ! మా బాబుని రొండోసారి సంపేసినావురా, సచ్చినోడా!"

దెబ్బల మధ్య కూడా నా నోరు ఊరుకోలేదు. "సిమెంటెట్టి అతికించేద్దుంలే నాయనమ్మా!"

"ఏటి అతికిస్తావురా? మడిసినా?"

కట్టె విరిగాకే ఆపింది. పేరున్న రాతి ముక్కని కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు పుంజుని మా పెరట్లో ఆ ముక్క మీదే కోసింది. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ రాయి వైపు చూడలేదు.

ఈమధ్య ఆ రాయి వారసత్వ సంపద అయింది. పసుపంతా యాసిడ్‌తో కడిగి, చుట్టూ గొలుసులు కట్టి, పక్కన నల్లటి గ్రానైటు మీద పేర్లు కొత్తగా చెక్కారు. పదకొండు. ముక్కని సంచిలో వేసుకుని వెళ్లాను. పని చేయిస్తున్న తెలుగు కాంట్రాక్టరు దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అచ్ఛా, ఇది మసాలా నూరే రాయి కదా అంకుల్?"

"కాదు బాబూ, మా ముత్తాత."

నవ్వాడు. "లిస్ట్ ఫైనల్ హో గయా అంకుల్. రాయి మీద కనబడినవే చెక్కించాం."

ఇప్పుడక్కడ పసుపు లేదు, గాజుల్లేవు, కంకర విసిరే పిల్లలూ లేరు. యుద్ధం పదకొండుమందిని చంపిందని బోర్డు చెబుతోంది. నిజమే, పన్నెండోవాణ్ణి చంపింది నేను కదా.

ముక్క నా దుకాణంలో, త్రాసు పక్కన ఉంది. మామూలు రోజుల్లో ఉత్త అరిగిన రాయి. దసరానాడు దాని మీద పుంజుని కోసినప్పుడు, గాడుల్లోకి నెత్తురు దిగి, కాసేపు అప్పన్న పేరు కనబడుతుంది.