బొమ్మల ఊరికి తడి పెట్టిన అల్లుడు

ఒక ఊరిని ఊరంతా, దాని రైలుబండితో సహా, ఒక్క పూటలో ముంచేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే! గోదావరికి వరద రాలేదు, తుఫాను పట్టలేదు, ఆకాశంలో మబ్బుతునక లేదు. అంతా నా స్వహస్తాలతోనే జరిగింది. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వెయ్యండి. మామగారి ఎదట జరిగిందని తెలిశాక మీకు నామీద జాలి పుట్టవచ్చు.

అప్పటికి మా రాజమండ్రికి పొగబండి వచ్చి ఎంతోకాలం కాలేదు. నాకూ పెళ్ళయి ఎంతోకాలం కాలేదు. ఆషాఢానికని పుట్టింటికి వెళ్ళిన మా ఆవిడ సుభద్ర కార్తీకం వచ్చినా తిరిగి రాలేదు. తను రానని అనలేదు, మా మామగారు వీర్రాజుగారు పంపనన్నారు. కారణం నేనే లెండి. ఆ ఏడు మా చేనికి కాలువ నీళ్ళ వంతు వచ్చిన రోజున నేను రాజమండ్రిలో నాటకం చూస్తూ కూర్చున్నాను. నారు పోసిన ఆకుమడి కాస్తా ఎండిపోయింది. ఆ వార్త నాకంటే ముందు మా అత్తవారింటికి చేరింది.

"నీళ్ళ వంతు తెలియనివాడికి పెళ్ళామెందుకండీ? ముందు చేను చూసుకోమనండి," అని మామగారు కబురు పెట్టారు.

ఇంట్లో చెయ్యి కాల్చుకుంటూ, మాడిన అన్నం తింటూ నేను చిక్కి సగమయ్యాను. అలాంటి సమయంలో కార్తీక వనభోజనాలకు రమ్మని అత్తగారు పిలిచారు. భోజనాలు ఒక జమీందారుగారి తోటలో. ఆయన పేరు చెప్పను, ఆ వంశం వాళ్ళకి నామీద ఇంకా కోపం పోలేదు. ఆయనకి పొగబండి అంటే మహా మోజు. తోటలో మోకాలెత్తు ఇళ్ళతో ఒక ఊరు కట్టించి, దాని చుట్టూ బుల్లి పట్టాలు వేయించి, మనుషులు ఎక్కి తిరిగే బుల్లి పొగబండి నడిపిస్తున్నారు. ఆ ఊళ్ళో గుడి ఉంది, సంత ఉంది, రెండు పక్కలా వరిచేలు ఉన్నాయి, నడుమ జానెడు వెడల్పు కాలువ ఉంది. దానికి లాకు, చెక్క తలుపున్న తూము కూడా ఉన్నాయి!

తోటలోకి అడుగుపెట్టగానే అత్తగారు నన్ను పక్కకి పిలిచారు.

"బాబూ, ఇవ్వాళ ఆయన ముందు నాలుగు వ్యవసాయం ముక్కలు మాట్లాడండి. ఆయన మనసు కరిగిందంటే సాయంత్రమే పిల్లని మీ బండెక్కించేస్తాను."

"ఎంత మాటండీ అత్తయ్యగారూ! నాలుగేం ఖర్మ, నలభై మాట్లాడతాను," అన్నాను. అక్కడే శని నా నెత్తికెక్కింది.

అత్తగారు ఇంజనుకి కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, సుభద్రతో కలిసి పెట్టె ఎక్కారు. ఆ పెట్టెలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. మామగారు మాత్రం, "కాళ్ళున్నవాడికి ఈ బండెందుకండీ?" అంటూ గట్టు మీద నిలబడ్డారు. నేను ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. బండి కూత వేసి కదిలింది. సుభద్ర నావైపు చూసి చూడనట్టు చూసింది. అయ్యో, ఆ చూపుకి ఆనకట్టయినా తెగుతుందండీ!

అప్పుడు కనబడ్డాయి నాకు ఆ చేలు. పచ్చగా ఉండాల్సిన పైరు పసుపుపచ్చగా ఉంది. మళ్ళలో చుక్క నీరు లేదు. పక్కన కాలువ నిండుగా ఉంది. పోయిన పరువు తిరిగి తెచ్చుకోవడానికి దేవుడే ఈ అవకాశం పంపాడనుకున్నాను.

"మావయ్యగారూ, చూశారా ఈ అన్యాయం? కాలువ నిండా నీళ్ళు పెట్టుకుని పైరుని ఎండగడుతున్నారు! ఇలాంటిది చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుందండీ."

మామగారు ఏదో అనబోయారు. వింటేగా! పంచె ఎగ్గట్టి నాలుగంగల్లో తూము దగ్గరికి వెళ్ళి చెక్క తలుపు పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఆ కాలువకి నీళ్ళు వచ్చేది వెనకనున్న పెద్ద చెరువులోంచి అని నాకేం తెలుసు? తలుపు నా చేతికొచ్చింది. చెరువు ఊళ్ళోకొచ్చింది.

"ఆపండి! మూసెయ్యండి!" అని మామగారు అరిచారు.

"ఎలా మూస్తానండీ, తలుపు నా చేతుల్లోనే ఉంది!"

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" అంటారు గానీ, నేను ఊరు మునిగాక తలుపు పట్టుకున్నాను. మోకాలెత్తు ఊరికి చీలమండ లోతు నీళ్ళంటే ప్రళయమే కదండీ. సంత తేలిపోయింది. గుడి ఒరిగింది. పట్టాల కింది మట్టి జారి, బండి మెల్లగా పక్కకి వాలింది. ఇంజన్లో నిప్పు చుయ్యిమని ఆరింది. అత్తగారు బురదలో చతికిలబడి, "ఓరి నాయనోయ్, గోదారి పొంగింది!" అని కేకలు పెట్టారు. సుభద్ర లేచి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, తల్లిని పైకి లాగుతోంది.

దివాణం జవాను పరిగెత్తుకొచ్చాడు. "ఎవరండీ తూము ఎత్తింది?"

తలుపు చంకలో పెట్టుకుని, "కొట్టుకొచ్చిందండీ," అన్నాను.

మామగారు నిట్టూర్చారు. "మా అల్లుడేనండి. బాగుచేసి ఇస్తాం, కోప్పడకండి." తరువాత నావైపు తిరిగారు. "అది ఎండిన పైరు కాదయ్యా, పండిన పైరు! కార్తీకం కదా అని జమీందారుగారు గడ్డికి పసుపు రంగు వేయించారు. కోతకొచ్చిన చేనుకి తడి పెట్టేవాణ్ణి నా జన్మలో చూడలేదు. వంతు వచ్చినప్పుడు పెట్టడు, వద్దన్నప్పుడు పెడతాడు!"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంక సంక్రాంతికి కూడా మాడిన అన్నమే అనుకున్నాను.

"పదండి ఇంటికి. సుభద్రా, నువ్వు మన బండెక్కు," అన్నారు మామగారు.

తండ్రి ముందు ఎన్నడూ పెదవి విప్పని సుభద్ర బురద కాళ్ళతో వచ్చి నా పక్కన నిలబడింది.

"నేను ఈయనతో వెళ్తాను నాన్నా."

"ఇదంతా చూశాక కూడానా?"

"చూశాను కాబట్టే. ఇది బొమ్మల ఊరు కాబట్టి సరిపోయింది. ఈయన్ని ఇంకో నెల ఒంటరిగా వదిలేస్తే అసలు ఊరినే ముంచేస్తారు!"

మామగారు వెంటనే మా బండివాడికి ఎడ్లు కట్టమని చెప్పారు.

అందుచేత, గోదావరమ్మ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఈ జన్మలో మరే బొమ్మల ఊరికీ తడి పెట్టను. మళ్ళీ మా ఆవిడని పుట్టింట్లో ఆపేస్తే మాత్రం ఈ ఒట్టుకి నేను బాధ్యుణ్ణి కానండి.