రుమాలు మడతలో జర్మను భాష

బండగూడెం బీరన్నకు కోపం వస్తే మక్తల్ సంతలో మేకలు పాలు చేపవని చెప్పుకునేవారు. అది తక్కువ చేసి చెప్పడమే. ఒకసారి ఆయన గుడ్లురిమి చూస్తే తుమ్మచెట్టు మీది కాకి ఎగరడం మరిచిపోయి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, అడగొచ్చు.

నలభై ఏళ్ళ మనిషి. నూట పది గొర్రెలు, భుజాన గొంగడి, తలకు ఎర్ర రుమాలు. చిన్నప్పుడు నాలుగు కోసులు నడిచి బడికి పోయి ఆరో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు పూర్తిగా వచ్చిన వారంలోనే పంతులు, "గొర్లు గాసెటోనికి గిన్ని అక్షరాలెందుకురా?" అన్నాడు. బీరన్న పలకను పంతులు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు, మళ్ళీ ఆ వాకిలి తొక్కలేదు. కోపం ఆ రోజే మొదలైందని తండ్రి దుర్గయ్య అనేవాడు. కాదు, పుట్టగానే మంత్రసానిని గుర్రుగా చూశాడని తల్లి అనేది.

అరవై ఆరులో వానలు మొహం చాటేశాయి. గూడెంలో నలభై ఇళ్ళకూ ఉన్న ఒక్క బావి అడుగంటింది. వాగు ఇసుకలో చెలిమ తవ్వి కొబ్బరి చిప్పలతో తోడుకోవడమే. మనుషులకూ అదే చెలిమ, గొర్రెలకూ అదే. ఆ ఎండల్లోనే జర్మనీ నుంచి వచ్చిన బోరు యంత్రం ఒకటి మక్తల్ చుట్టుపక్కల ఊరూరూ తిరగసాగింది. దాని వెంట ఒక జర్మను దొర. నీళ్ళు లేని పేదల వాడల్లోనే బోరు వెయ్యాలని పైనుంచి హుకుం. దొరకు తెలుగు రాదు కాబట్టి మధ్యలో దశరథం అనే గుమాస్తా. నూనె రాసిన క్రాపు, ఇస్త్రీ లాల్చీ, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల మీద ఏనుగెక్కినంత గర్వం.

పొరుగూరి పటేలు నిమ్మతోటలో బోరు దిగుతుండగా బీరన్న గొర్రెలు తోలుకుంటూ అటు వచ్చాడు. తోటనే పేదల వాడ అని దశరథం దొరను నమ్మించాడని అక్కడివాళ్ళు చెప్పారు. అంతే, బీరన్న గొర్రెల్ని వదిలేసి దొర ఎదుటికి వెళ్ళాడు.

"నీ కండ్లు కాకులు పొడిచినయా దొరా? గీ నిమ్మచెట్లు పేదోళ్ల లెక్క కొడుతున్నయా? వాడకట్టుల ఆడోళ్లు మట్టి నాకుతుంటే, పచ్చటి తోటల యంత్రం దించుతవా? ఏ గడ్డి తిన్నవు?"

దశరథం దొర చెవిలో ఏదో చెప్పాడు. దొర మొహం చాటంత అయింది. ముందుకు వచ్చి బీరన్న చెయ్యి పట్టుకుని బాగా ఊపాడు.

"ఏం జెప్పినవ్?" అన్నాడు బీరన్న.

"మా పాలిటి దేవునివి అంటున్నడని చెప్పిన," దశరథం నవ్వాడు. "తిట్టు బీరన్నా, ఇంకింత తిట్టు. నువ్వెంత తిడితే దొరకు గంత ఖుషి."

లోకంలో ఎవరి కోపానికీ అంత అవమానం జరగలేదు. తిట్టిన తిట్టు దండమై పోయింది. ఆ ఊపిన చేతిని బీరన్న బూడిదతో మూడుసార్లు తోమాడు. పళ్ళు కొరుక్కుంటూ నడిచిన నడకలో తుమ్మముల్లు చెప్పును చీల్చుకుని పాదంలో దిగినా సాయంత్రం దాకా తెలియలేదు. కాలు వాచాక మక్తల్‌లోని చిన్న దవాఖానకు కుంటుతూ పోయాడు. అక్కడ లీలమ్మ నర్సు. ఒకప్పుడు పదేళ్ళు ఒక జర్మను సిస్టరు దగ్గర పని నేర్చుకున్న మనిషి.

"ముల్లు కాలుకా, నోటికా? ఏంది బీరన్నా గా గొణుగుడు?" అంది, చిమటాతో ముల్లు లాగుతూ.

"సిస్టరమ్మా, జర్మను మాటల తిట్టుడెట్ల?"

సంగతంతా విని లీలమ్మ చిమటా పక్కన పెట్టింది. "గంతదాక ఎందుకు? మీ ఊరికొచ్చినప్పుడు కబురు పెట్టు. నేనే వచ్చి దొరకు చెప్త."

"నీ నోరు నాకెందుకమ్మా? కోపం నాది. నా నోట్లకెళ్లే పోవాలె."

లీలమ్మ బీరువాలోంచి ఒక పుస్తకం తీసింది. అరచెయ్యంత, నీలం అట్ట. ఆ జర్మను సిస్టరు తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన జేబు పుస్తకం. పేజీకి ఒక్క క్రియ, దాని కింద ఆరు వరసలు: నేను, నువ్వు, వాడు, మేము, మీరు, వాళ్ళు.

"దీంట్ల నీళ్లు, బాయి, ఊరు అని పేర్లు దొరకయి. ఉత్త చేసుడే ఉంటది. తినుడు, తాగుడు, ఉరుకుడు."

"మంచిదే. పేర్లను వేలుతోని చూపిస్త."

జేబు పుస్తకమన్నారు గానీ బీరన్నకు జేబెక్కడిది? రుమాలు మడతలో పెట్టుకున్నాడు. లీలమ్మ పలికే తీరును తెలుగులో పెన్సిలుతో రాసిచ్చింది, సంత రోజున అప్పజెప్పించుకునేది. యంత్రం బండగూడెం రావడానికి రెండు నెలలుంది.

గొర్రెల కాపరి ఒక్క గొర్రెను విడిగా తోలడు. ముందు నడిచేది కదిలితే వెనకున్నవన్నీ రావాలి, ఒకటి తగ్గితే మంద ఆపి మొదటి నుంచీ లెక్క. బీరన్న క్రియల్నీ అలాగే తోలాడు. "నేను" నుంచి "వాళ్ళు" దాకా ఆరూ ఒక్క ఊపిరిలో. ఒకటి జారితే మళ్ళీ మొదటికి. గుర్తుకోసం గొర్రెకొక జర్మను క్రియను పేరుగా పెట్టాడు. నల్లమూతి గొర్రె "తాగడం", కుంటిది "పరుగెత్తడం". ఆ ఏడు ఆయన మంద నుంచి గొర్రెను కొన్న నారాయణపేట సాలె ఆయన తెలుగులో పిలిచీ పిలిచీ గొంతు పోగొట్టుకున్నాడు. అది తల తిప్పితే ఒట్టు.

"గొర్లన్నిటికి పేర్లు పెడ్తివి. నన్నింక ఓయ్ అనే పిలుస్తున్నవ్," అంది భార్య గోపమ్మ.

"మిగిలింది కరుసుడొక్కటే ఉన్నది."

"అదే పెట్టు. అక్కరకొస్తది."

రెండు నెలలకు యంత్రం వచ్చింది. వచ్చి తిన్నగా బండగూడెం పటేలు మామిడితోటలో ఆగింది. దశరథం అప్పటికే గుంజ పాతించాడు. బీరన్న తోటలోకి వచ్చాడు, వెనక మందంతా వచ్చింది. దొర నవ్వుతూ చెయ్యి చాపాడు. బీరన్న ఆ చేతిని పట్టించుకోకుండా దశరథం మీద వేలు పెట్టి అబద్ధమాడటం అనే పేజీ ఎత్తుకున్నాడు.

"ఇఖ్ ల్యూగె, దూ ల్యూగ్స్ట్..."

మంద అలవాటు! నేను అబద్ధాలకోరును, నువ్వు అబద్ధాలకోరువు అని మొదలుపెట్టాడన్నమాట. దొర మొహం జేవురించింది. అయినా బీరన్న ఆగకుండా ఆరూ పూర్తిచేసి, "వాడు" వరసను పట్టుకుని దశరథం ఛాతీ మీద వేలితో పొడుస్తూ మూడుసార్లు అరిచాడు.

"దండాలు చెప్తున్నడు," అని దశరథం గబగబా ఇంగ్లీషు అందుకున్నాడు. దొర అరచెయ్యి అడ్డం పెట్టి ఆయన నోరు మూయించాడు.

బీరన్న దొర మణికట్టు పట్టి వాగు దాకా లాక్కుపోయాడు. వెనకే దశరథమూ, మందా. చెలిమ చుట్టూ ఆడవాళ్ళు చిప్పలతో కూర్చుని ఉన్నారు. బీరన్న ఒక చిప్ప నిండా బురదనీళ్ళు ముంచాడు. తాను ఒక గుక్క తాగి, "ఇఖ్ ట్రింకె" అన్నాడు. చిప్పను దొర మూతికి ఆనించి, "దూ ట్రింక్స్ట్!" అన్నాడు. అది అడగడం కాదు, ఉరమడం. దొర తాగాడు. మీసాలకు మట్టి, గొంతులో దగ్గు. ఆయన దగ్గుతుండగానే బీరన్న నల్లమూతి గొర్రెనూ, తరువాత ఆడవాళ్ళనూ, గుడిసెలనూ ఒక్కొక్కటే చూపిస్తూ మిగతా వరసలు ముగించాడు.

దొర మూతి తుడుచుకుని దశరథం వైపు తిరిగాడు. ఆ తరువాత జర్మనులో కురిసిన వాన ఆ ఏడు పాలమూరు జిల్లాలో కురిసిన ఒకే ఒక్క పెద్దవాన. బీరన్న కర్ర మీద గడ్డం ఆనించి చివరిదాకా విన్నాడు.

"ఏమంటున్నడు దశరథం? జర చెప్పు," అన్నాడు. "దండాలు పెడ్తున్నడా నీకు?"

బోరు గూడెం నడుమ పడింది. మూడో రోజు నీళ్ళు వచ్చాయి, నాలుగో రోజు చేతి పంపు బిగించారు, ఐదో రోజు దొర వెళ్ళిపోయాడు. ఊరంతా పండుగ చేసుకుంటుంటే బీరన్న ఒక్కడే మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"నీళ్లొచ్చె గదా, ఇంకేం కోపమయ్యా?" అంది గోపమ్మ.

"నూట పదకొండు నేరిస్తి. రెండిటికే పనాయె. మిగిలినయన్ని ఎవల మీద ఇడువాలె?"

పుస్తకం తిరిగి ఇవ్వబోతే లీలమ్మ తీసుకోలేదు. అది రుమాల్లోనే ఉండిపోయింది. మరుసటి ఎండాకాలం పటేలు బావి కూడా అడుగంటి, ఆయన స్వయంగా బిందె పట్టుకుని పంపు దగ్గరికి వచ్చాడు. బీరన్న పంపు పిడి మీద చెయ్యి వేసి, రుమాల్లోంచి పుస్తకం తీసి, నల్లమూతి గొర్రె పేజీ విప్పి పట్టాడు. పటేలు చెమటలు కక్కుతూ జర్మనులో కూడబలుక్కుని నేను తాగుతాను, నువ్వు తాగుతావు, వాడు తాగుతాడు దాకా వచ్చి, మేము దగ్గర ఆగిపోయాడు.

"మల్ల మొదటికెళ్లి," అన్నాడు బీరన్న.