చల్లని మిరపకాయ

ఇట్ల కూసో పాపా. కాళ్లు ఆడించకుండా, ఫోను రికార్డులో పెట్టి నా నోటికాడ పట్టుకోని సరిగ్గా విను. మీ అమ్మ వంటింట్లో ఆ టాకోలు చేస్తాంది చూడు, ఆ వాసనకే నాకు మాట పొర్లుకొస్తాంది. ఆ రోజుల్లో నాకొక పిచ్చి నమ్మకం ఉండేది, కడుపు నిండినోడు ఏదడిగినా లేదనడని. ఆ నమ్మకంతోనే రియాద్‌లో, మలాజ్ అనే పేటలో, ఒక ఇంట్లో వంట చేస్తా ఉంటి. (ఇప్పుడు ఇదే దేశానికి మీ అమ్మ నర్సుగా వచ్చిందని, నేను నిన్ను ఎత్తుకునేదానికి వచ్చినా. అప్పుడు ఎత్తుకోవాల్సిన బిడ్డను ఊర్లో విడిచిపెట్టి వచ్చింటి.)

మీ అమ్మను మా చెల్లెలి చేతుల్లో పెట్టి వచ్చినప్పుడు దానికి మాటలు కూడా సరిగా రావు. మాటలొచ్చినాక, శుక్రవారం ఫోన్ చేస్తే, "ఎవరు ఆంటీ మీరు?" అనింది. "నేనే, మీ అమ్మను" అన్నా. "మా అమ్మ ఈడే ఉందే, బియ్యం ఏరతాంది" అని ఫోన్ తీసకపోయి మా చెల్లెలికి ఇచ్చింది. ఆ పొద్దే అనుకుంటి: ఇంటికి పోవాల, అంతే. దాన్ని ఈడ సఫర్ అంటారు. సఫర్‌కు బాబా ఒప్పుకోవాల. (పనిచేసే ఇంటి అయ్యను బాబా అంటాం, అమ్మను మామా అంటాం. నాకు నిజమైన అమ్మా నాయన లేరులే, ఆ కరువు అట్ల తీరింది.) మామా మంచిదే. "మా పిల్ల టీవీలో చూసి టాకో కావాలంటాంది. రేపు చెయ్యి. బాబా సంతోషంగా తింటే నీ సఫర్ మాట నేనెత్తుతా" అనింది.

టాకో అంటే నాకేం తెల్సు? తాకో, ముట్టుకునే వంటేమో అనుకుంటి. మామా చేతులు తిప్పుతా చెప్పింది: మెత్తటి రొట్టె, లోపల పెద్దకూర కీమా, టమాటా, ఆకు, చీజు, మడిచి పెట్టేది. "ఫిల్‌ఫిల్ బారిద్ మాత్రం మర్చిపోవద్దు, దండిగా వెయ్యి" అని రెండుసార్లు చెప్పి, పెండ్లికో యాడికో పోయింది.

ఫిల్‌ఫిల్ అంటే మిరపకాయ, బారిద్ అంటే చల్లనిది. నీళ్లు బారిద్, మజ్జిగ బారిద్, అన్నీ నాకు తెల్సు. మిరపకాయను చల్లబెట్టేదెందుకో తెలీలేదు గాని, వీళ్లు ఎండకు ఏదైనా ఐసులో పెట్టుకునేవాళ్లే కదా అని, దండిగా పచ్చిమిరపకాయలు కడిగి ఫ్రిజ్‌లో పెట్టినా. సాయంత్రానికి మంచుముక్కల మాదిరి అయినాయి. సన్నగా తరిగి కీమాలో కలిపినా, పైన కూడా చల్లినా. రుచి చూద్దామంటే మనం పెద్దకూర తినం. వాసన చూసి, బాగుందిలే, మా రాయచోటి కారం మాదిరి ఉంది అనుకుంటి. నా సఫర్‌కు దేవుడు దారి చూపించినాడని దండం కూడా పెట్టుకుంటి!

రాత్రికి మామా తిరిగొచ్చినాక, అందరూ కూసోని ఒక్కసారే కొరికినారు. ముందు ఆ పిల్ల కేక పెట్టింది. తర్వాత బాబా, "మోయా! మోయా!" అని నీళ్లకోసం లేచినాడు. మొగం ఎర్రగా, గడ్డంలో కన్నీళ్లు. మామా నా మీదికొచ్చి, "బారిద్ అని చెప్పలేదా నీకు?" అనింది. నేను ఉరికిపోయి ఫ్రిజ్‌లో మిగిలిన కాయలు తెచ్చి ఆమె చేతిలో పెట్టినా. "బారిదే మామా! ముట్టుకో, ఎంత చల్లగా ఉన్నాయో చూడు!"

ఎవురన్నా నవ్వుతారేమో అనుకుంటి. ఒక్కరూ నవ్వలే. మామా పోయి గంపలోనుంచి బోండా మాదిరి లావు మిరపకాయ తీసి నా ముందర పెట్టింది. "ఇదీ బారిద్. కారం లేనిది." బాబా తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అందరి కండ్లల్లో నీళ్లే కాబట్టి, నా కండ్లు ఎందుకు కారతాండాయో ఎవురూ అడగలే.

ఆ పొద్దు పోయిన సఫర్ మాట మళ్లీ ఎత్తేలోపల రంజాన్ వచ్చె, మామాకు కాన్పు వచ్చె. ఏడాది దాటిపాయె. ఆకరికి సఫర్ దొరికి ఊరికి పోతే మీ అమ్మ మా చెల్లెలి కొంగు చాటునుంచి చూసి, "అమ్మా, ఎవరో ఆంటీ వచ్చింది" అనింది. దాన్ని మచ్చిక చేసుకునేదానికి ఈ మిరపకాయల కతే చెప్పినా. పకపకా నవ్వి, ఆ సెలవంతా నన్ను "చల్లమిరపకాయ ఆంటీ" అని పిలిచింది. ఆంటీకి ఒక పేరన్నా వచ్చిందిలే అని నేనూ నవ్వినా. ఎంత తెలివితక్కువ దాన్నో, దానికే మురిసిపోయినా. మళ్లీ బయలుదేరే పొద్దు బస్సు కదలతా ఉంటే, మీ అమ్మ వెనకాల ఉరికొచ్చి, కిటికీ పట్టుకోని, మొట్టమొదటిసారి నన్ను—

"అమ్మా! పాపను పిలుచుకోని వంటింట్లోకి రా, టాకో చల్లారిపోతాంది, తిందువు!"